ఒరియా కుర్రాడి కోసం ఇటలీకి

"రాళ్ళు చూడ్డానికి ఇటలీ పోతావా? మన కాడ లేని రాళ్ళా అవి?" అంది మా అమ్మ, వంకాయలు తరుగుతూ, తలెత్తకుండా.

న్యాయమైన ప్రశ్నే. ఒంగోలులో కర్నూలు రోడ్డెక్కితే ఇరవై కిలోమీటర్ల దూరం చీమకుర్తి. అక్కడే పుట్టాను. మా డాబా ఎక్కితే క్వారీ డంపులు కనిపిస్తాయి. చిన్నప్పుడు అవి నిజం కొండలే అనుకునేదాన్ని. ఇప్పుడు పక్క ఊరి హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. మా వైపు ఏ పెళ్ళికెళ్ళినా ఇద్దరు క్వారీ ఓనర్లు, పదిమంది లారీలవాళ్ళు, గట్టిగా అరిస్తే తప్ప వినబడని వాళ్ళు ఇరవైమంది తగులుతారు. ఆ ఇరవైమందిలో మా బాబాయి ఒకడు. జాక్‌హామర్ పట్టుకుని ఇరవై రెండేళ్ళు చేశాడు.

మా రాయి పేరు గెలాక్సీ. కారునలుపు, లోపల కంచురంగు చుక్కలు. పాలిష్ పడితే అమావాస్య ఆకాశంలా ఉంటుంది. ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదని మావాళ్ళు మీసం మెలేసి చెబుతారు. ఆ రాయి మీద, అది దొరికిన పొలాల మీద, ఆ పొలాలమ్ముకున్న ఒక కుటుంబం మీద మూడేళ్ళుగా నవల రాస్తున్నాను. అందులో బ్లాకులు కొనడానికొచ్చే ఇటలీ దొర ఒకడున్నాడు. గోతిలో డ్రిల్లింగ్ చేసే ఒరియా కుర్రాడు ఒకడున్నాడు. కుర్రాడి అధ్యాయాలు బాగా వచ్చాయని, దొర అధ్యాయాలే తేలిపోయాయని నా నమ్మకం. అందుకే ఇటలీ. అందులోనూ కరారా. పాలరాయికి రోమన్ల కాలం నుంచీ పేరుపడ్డ ఊరు. ఒకప్పుడు మన గ్రానైటు బ్లాకులు కూడా దండిగా ఆ ఊరి రేవులో దిగి, అక్కడి గ్యాంగ్ సాల (రాయి కోసే పెద్ద రంపాల) మీద పలకలై లోకమంతా పోయేవి.

"నెట్లో చూసి రాయొచ్చుగా" అన్నవాళ్ళు చాలామంది. రాయొచ్చు. నూట నలభై పేజీలు అలాగే రాశాను.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే ఇలాంటి వ్యాసాలు చదివేవాళ్ళకు మండుతుంది. గాజులు బ్యాంకులో పెట్టాను. మా ఆయన "విడిపిస్తావు కదా" అని ఒక్క మాటే అడిగాడు. పర్మిషన్ కోసం మా శాఖ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాను. ఎందుకెళ్తున్నారు అనే గడిలో "నవల" అని రాస్తే, సెక్షన్లో ఆయన దాన్ని కొట్టేసి "విహారయాత్ర" అని రాసిచ్చాడు. వీసా వాళ్ళకూ అదే రాశాను. విహారానికి వెళ్ళేవాళ్ళ మీద ఎవరికీ అనుమానం ఉండదు, పని మీద వెళ్ళేవాళ్ళ మీదే.

బడులకు వేసవి సెలవులిచ్చాక బయల్దేరాను. పీసాలో రైలెక్కి, కరారా-అవెంజా స్టేషన్లో దిగి, అద్దె గది చేరేసరికి ఏప్రిల్ 30 సాయంత్రం. మర్నాడు తెల్లారే క్వారీలకు పోవాలని నా ప్లాను. మర్నాడు మే 1. బస్సుల్లేవు, కొట్లు లేవు, క్వారీలు లేవు. పదేళ్ళుగా పిల్లలకు మేడే పాఠం చెబుతున్న మనిషిని, ఆ రోజు సెలవని గుర్తులేదు.

సరే, చప్పుడు వచ్చిన వైపు నడిచాను. నలుపూ ఎరుపూ కలిసిన జెండాలు, బ్యాండు మేళం, ముసలాళ్ళు, తోపుడుబళ్ళలో పసిపిల్లలు. అనార్కిస్టుల ఊరేగింపు అది, ప్రభుత్వమే వద్దనేవాళ్ళు. కరారా వాళ్ళకు పాత అడ్డా. 1894లో ఇక్కడ తిరుగుబాటు జరిగింది. 1945లో ఇటలీ అనార్కిస్టుల సమాఖ్య పుట్టింది ఇక్కడే. రాజును కాల్చి చంపినవాడికి కూడా శ్మశానంలో స్మారకం కట్టుకున్న ఊరు. ఎవరో నా చేతిలో కరపత్రం పెట్టారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మడిచి బ్యాగులో పెట్టుకుని, వాళ్ళ వెనకే నడిచాను. తర్వాత గదికొచ్చి ఫోనుతో కుస్తీపట్టి కూడబలుక్కుంటే తెలిసిందేమిటంటే, మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే, 1919లో, మెస్కీ అనే నాయకుడి వెనక నడిచి ఇక్కడి క్వారీ పనివాళ్ళు రోజుకు ఆరున్నర గంటల పని సాధించుకున్నారు. షికాగో వాళ్ళు అడిగింది ఎనిమిది. మా బాబాయి చేసింది పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు, 1990ల్లో.

ఈ ముక్క నెట్లో లేదా? ఉంది. కానీ మూడేళ్ళలో ఒక్కసారి కూడా "కరారా పనివాళ్ళు ఎన్ని గంటలు చేస్తారు" అని నేను అడగలేదు. అడిగిందంతా కొనేవాళ్ళ గురించి. ఇటలీ అంటే నాకు దొర, సూటు, నల్లద్దాలు. అక్కడ గోతిలో దిగేవాడు ఉంటాడని తోచనే లేదు. క్వారీ పక్కన పుట్టిన నాకే తోచలేదంటే ఇక ఏం చెప్పను.

గది అద్దెకిచ్చిన ఇంటావిడకు డెబ్బై దాటాయి. పోయిన ఆయన క్వారీ మనిషే. ఇద్దరి మధ్యా నా ఫోను. ఇటాలియన్లో క్వారీని "కావా" అంటారు. ఫోను దాన్ని ఒకసారి "గుహ" అంది, ఒకసారి "బోలు" అంది. "నా భర్త నలభై ఏళ్ళు గుహలో ఉన్నాడు" అని ఆవిడ చెబుతున్నట్టు వినిపిస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మూడో రోజుకు ఫోను పక్కన పెట్టేశాం. ఆవిడ టేబుల్ మీద సబ్బుముక్క పెట్టి, దాని కింద అగ్గిపుల్లలు పేర్చి, దారం కట్టి, టేబుల్‌ను ఒకవైపు ఎత్తింది. అది నాకు దక్కిన మొదటి పాఠం.

దాని పేరు లిజ్జా. లారీలు కొండెక్కక ముందు, పాలరాతి బ్లాకుల్ని పై నుంచి దింపిన పద్ధతి. పది ఇరవై టన్నుల బ్లాకుల్ని ఒక మోపులా కట్టి, నిటారు వాలులో, సబ్బు పూసిన దుంగల మీద జార్చేవాళ్ళు. పైన రాతిలో పాతిన గుంజలకు మోకులు చుట్టి, కొందరు వాటిని కొంచెం కొంచెంగా వదులుతుంటారు. ఒకడు మాత్రం బండకు ఎదురుగా, వాలుకు కింద నిలబడతాడు. మేస్త్రీ అతనే. వెనక ఖాళీ అయిన దుంగను అందుకుని ముందు వేయడం, కేకతోనో చేత్తోనో "వదులు", "ఆపు" అని పైవాళ్ళకు చెప్పడం అతని పని. మోకు తెగితే ముందు పోయేదీ అతనే. అందరిలోకీ అనుభవం ఉన్నవాణ్ణే అక్కడ నిలబెడతారు. మన దగ్గర అనుభవం వస్తే మనిషి ఎక్కడ నిలబడతాడో మీకు తెలుసు. గొడుగు కింద, కుర్చీలో.

కిందికి దిగిన రాయిని సముద్రం దాకా లాగింది ఎడ్లు. ఇది చదివి కాదు, ఫాంటిస్క్రిట్టి క్వారీల దగ్గర పాత ఫొటోల ముందు నిలబడి తెలుసుకున్నాను. తెల్లటి ఎడ్లు, జత వెనక జత, ఫొటోలో పట్టనంత వరస. 1870ల్లో రైలు వేయడం మొదలుపెట్టాక కూడా ఎడ్లు చాలాకాలం పోలేదు (ఆ రైలునూ 1964లో మూసేశారు, ఇప్పుడు ఆ దారిలో లారీలు). ముస్సోలినీ స్తంభం కోసం 1928లో దాదాపు 300 టన్నుల ఒంటిరాయి తీస్తే, దాన్ని కదిలించడానికి కూడా పదుల జతల ఎడ్లను కట్టారు.

ఒంగోలు దాన్ని, ఎద్దు కనబడితే ఆగుతానా? మా ఎద్దు బ్రెజిల్ పోయి అక్కడి పశువుల మందల్ని ఏలుతూ కూడా "నెలోర్" అనే పేరే మోస్తోందని మా వాళ్ళకు ఎప్పట్నుంచో గుర్రు. 1904 దాకా మేం నెల్లూరు జిల్లాలోనే ఉన్నాం కాబట్టి నెల్లూరు వాళ్ళు దీనికి నవ్వుతారు, నవ్వుకోనివ్వండి. ఆ రాత్రి ఇంటావిడకు ఫోన్లో మా తిరునాళ్ళ బండలాగుడు పందెం వీడియో చూపించాను. ఆరుపళ్ళ విభాగం, గిత్తల మెడలు వంగి, గిట్టలు మట్టిలో దిగబడి, చుట్టూ జనం ఈలలు. నా గుండె ఉప్పొంగుతోంది. ఆవిడ చివరిదాకా చూసింది. "పొవెరీని" అంది. ఫోను అక్కర్లేకుండానే అర్థమైంది. పాపం, అంది.

నాకు కోపం వచ్చింది. పంది కొవ్వును రాతితొట్లో ఊరబెట్టుకు తినే మనిషి మా గిత్తల్ని చూసి జాలిపడుతుందా అనుకున్నాను. ఆ కొవ్వు నేనూ తిన్నాను లెండి. కొలొన్నాటా అనే కొండూరు దానికి ప్రసిద్ధి. పాలరాతి తొట్టెల్లో ఉప్పు, వెల్లుల్లి, మిరియాలు, రోజ్‌మేరీ ఆకు వేసి నెలల తరబడి నిలవచేస్తారు. క్వారీకి పోయేవాడు రొట్టెలో పెట్టుకుని పోయే సద్దికూడు అది. ఇప్పుడు టూరిస్టులకు పలచగా కోసి అమ్ముతారు. అమ్మకు చెప్పలేదు. ఈ వ్యాసం ఆమె చదవదు. ఆ కోపం మాత్రం రెండు రోజులు ఉండి, తర్వాత ఇంకోలా మారింది. రాయి లాగడం మాకు పండగ. వాళ్ళ ఇళ్ళల్లో అది పని, అందులో పోయిన మనుషులు. క్వారీలో ఒకడు పోతే మిగతా క్వారీలన్నీ ఆ రోజుకు పని ఆపేయడం వాళ్ళ ఆనవాయితీ. మా వైపు ఒక చోట, పేరెందుకులెండి, శవాన్ని గోతిలోంచి పైకి తెస్తుంటే పక్క గోతిలో కంప్రెషర్ ఆగలేదు. ఆ చప్పుడు నేను విన్నాను. నవల్లో ఇంకా రాయలేదు.

దొర సంగతి ఏమైందంటారా. వెతికాను. మరీనా రేవు పక్క స్టాకు యార్డుల వెంట ఒక పూటంతా తిరిగాను. ఒక యార్డులో ఇంగ్లీషు కొంచెం వచ్చిన పెద్దాయన, ఇండియా బ్లాకులా, అవి ఒకప్పుడు కొండలుగా ఉండేవి, ఇప్పుడన్నీ చైనాకే కదా అన్నాడు. మా లారీ డ్రైవర్లూ ఇదే చెబుతారు. చివరికి గెలాక్సీ కనిపించింది. ఊరి మధ్య ఒక కాఫీ బారులో, బాత్రూంలో, వాష్‌బేసిన్ చుట్టూ. కుళాయి తిప్పకుండా చెయ్యి దాని మీద ఆన్చి కాసేపు నిలబడ్డాను. బయటికొచ్చి ఆ రాయి ఎక్కడిదో తెలుసా అని సైగచేసి అడిగితే కౌంటరు మీద కుర్రాడు భుజాలెగరేసి, "ఆఫ్రికా?" అన్నాడు.

నా నవల్లో దొర ఆ రాయి కోసం ఒక మనిషి ఉసురు తీస్తాడు. అంత మోజుట. అక్కడ దాని ఊరు పేరు కూడా ఎవరికీ పట్టలేదు. దొర అధ్యాయాలు మూడూ పోయాయి. దానికి నేను పెద్దగా బాధపడలేదు, అవి ఎలాగూ తేలిపోయినవే. నన్ను కూలదోసింది, బాగా వచ్చాయనుకున్న కుర్రాడి అధ్యాయాలు.

ఈ వ్యాసం అసలు ఇక్కడికి రావడానికే.

భాష రాని చోట ఒంటరిగా పన్నెండు రోజులు ఉన్నాను. రెండో రోజు నుంచే నేను ఒక పని చేస్తున్నానని ఐదో రోజుకు గమనించాను. అందరినీ చూసి నవ్వుతున్నాను. కొట్లో, బస్సులో, మెట్ల మీద ఎదురైన కుక్కను చూసి కూడా. రైల్లో టికెట్ చూసేవాడొచ్చాడు. ఆ కాగితం టికెట్టును ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీద మిషన్లో పెట్టి ముద్ర వేయించుకోవాలట, నాకు తెలీదు. అతను జరిమానా సంగతి చెబుతున్నాడు, నేను నవ్వుతున్నాను. అతను గొంతు పెంచాడు, నేను ఇంకా బాగా నవ్వాను. అది సంతోషం కాదు, అమాయకత్వం అసలే కాదు. నన్నేం చేయకండి, నావల్ల మీకు ఇబ్బంది లేదు, తప్పుంటే చెప్పండి డబ్బు కడతాను, ఇన్ని మాటలకు నా దగ్గరున్నది ఆ పళ్ళే.

నా నవల్లో, నలభై ఒకటో పేజీలో, ఒరియా కుర్రాడు "అమాయకంగా చిరునవ్వు నవ్వుతాడు". నా చేత్తోనే రాశాను. మా ఊళ్ళో ఆ పిల్లల్ని "వెర్రినవ్వు నవ్వుతారు" అంటాం. నేను చదువుకున్నదాన్ని కాబట్టి వెర్రిని అమాయకం చేశాను. అంతే తేడా.

ఇంకోటి. మా వీధి చివర కొట్టాయన ఎప్పుడూ అంటుంటాడు, "వీళ్ళకి ఉర్లగడ్డ, బిస్కట్టు తప్ప ఇంకోటి తెలవదమ్మా" అని. నేను కరారాలో ఐదు రోజులు రెండు పూటలా ఫొకాచా అనే నూనెరొట్టె ఒక్కటే తిన్నాను. ఇష్టమై కాదు. దాని పేరు పలకడం వచ్చింది. ఇంకో వంటకం వేలు పెట్టి చూపిస్తే ఆవిడ తిరిగి ఏదో ప్రశ్న వేసేది. వేడిచేయాలా, ఎంత కావాలి, ఇక్కడే తింటారా, ఏదో ఒకటి. ప్రశ్న రాని తిండి ఫొకాచా. ఉర్లగడ్డ అంటే ఏమిటో నాకు ఆ రొట్టె నములుతుంటే తెలిసింది.

పోతే ఇంటి బెంగ. మా కుర్రాడు నా నవల్లో నాలుగు పేజీలు గుట్ట మీద కూర్చుని తన ఊరి చెరువును, తామరపూలను, వాళ్ళమ్మను తలుచుకుంటాడు. మంచి తెలుగులో. పత్రికలో ఆ భాగం వచ్చినప్పుడు నలుగురు మెచ్చుకున్నారు కూడా. నేనేం తలుచుకున్నానో నోటుబుక్కులో ఉంది. బస్సు వెనక తలుపులోంచి ఎక్కాలా ముందు తలుపులోంచా. చిల్లర చాలుతుందా. ఇక్కడ బాత్రూం తలుపు తోయాలా లాగాలా. మాట్లాడాల్సిన వాక్యాన్ని మనసులో ఎనిమిదిసార్లు అనుకుని, తీరా వంతు వచ్చేసరికి మర్చిపోవడం. రాత్రి అమ్మకు ఫోన్ చేసి అన్నీ బాగున్నాయని అబద్ధం చెప్పి, కొండ ఫొటో పంపడం. చెరువూ లేదు, తామరపూలూ లేవు. బుర్రలో అంత ఖాళీ ఎక్కడుంది?

ఇందుకే ఒంటరిగా వెళ్ళాలంటాను. స్నేహితురాలు వస్తానంది, వచ్చి ఉంటే ఖర్చు సగమయ్యేది. కానీ ఇద్దరం ఆ టికెట్ వాడి మీద తెలుగులో జోకులేసుకుని ఉండేవాళ్ళం. పక్కన తెలుగు ఉంటే మన పెద్దరికం మనకు ఉంటుంది. దుబాసీని పెట్టుకున్నా అంతే, వాడు మన బదులు తికమక పడతాడు, మనం మేడంలా నిలబడతాం. నవలకు పనికొచ్చేది ఆ తికమకే అయినప్పుడు దాన్ని ఇంకొకడికి అప్పగించి జీతమివ్వడం దేనికి?

నెల్లూరులో ఒక పెద్ద రచయిత ఇదంతా విని, "దీనికి ఇటలీ దాకా ఎందుకమ్మా, స్లీపర్ టికెట్టు కొనుక్కుని బరంపురం అవతలికి పోతే చాలదా?" అన్నారు. ఆ దెబ్బ గట్టిదే. వారం రోజులు జవాబు దొరకలేదు. ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. ఒరిస్సా వెళ్ళాలి, ఆ పిల్లల ఊళ్ళు చూడాలి, అది బాకీ. కానీ నేను అక్కడ దిగితే పక్క రాష్ట్రం నుంచి వచ్చిన టీచరమ్మను. బరంపురంలో అడుగడుక్కీ తెలుగు. హిందీ కొంచెం వచ్చు. కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు, అడిగినదానికి జవాబు చెబుతారు. నాకు తెలియాల్సింది వాళ్ళ ఊళ్ళో వాళ్ళు ఎలా ఉంటారన్నది ఒక్కటే కాదు, నా ఊళ్ళో వాళ్ళకు ఎలా ఉంటుందన్నది. నా ఊళ్ళో నేనుండగా అది నాకు ఎలా తెలుస్తుంది?

ఇందులో బడాయి ఉందని నాకూ తెలుసు. నా పర్సులో తిరుగు టికెట్ ఉంది. జరిమానా కట్టడానికి కార్డు ఉంది. గది తలుపుకు గొళ్ళెం ఉంది, రాత్రి పడుకునేముందు మూడుసార్లు చూసుకునేదాన్ని. రేకుల షెడ్డులో ఎనిమిదిమందితో పడుకుని తెల్లారే గోతిలోకి దిగే పద్దెనిమిదేళ్ళవాడి బతుకు పన్నెండు రోజుల్లో నాకు తెలిసిపోయిందంటే నోటికి పురుగులు పడతాయి. తెలిసిందల్లా ఆ నవ్వు ఒక్కటి, ఆ రొట్టె ఒక్కటి. ఆ రెంటితో నాలుగు పేజీలు కొట్టేశాను. నవల సన్నబడింది, నూట నలభై కాస్తా తొంభై అయింది. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

చివరి రోజు వాన పడింది. ఊరి మధ్య పారే కరియోనే ఏరు పాలు పోసినట్టు తెల్లగా వచ్చింది. రాయి కోసిన బురద అది. ఇంటావిడ కిటికీలోంచి చూపించి చాలాసేపు తిట్టింది. ఎవర్ని తిట్టిందో తెలీదు, కానీ ఆ స్వరం నాకు బాగా తెలుసు. డంపు రాళ్ళు చేలో పడ్డప్పుడు మా పెదనాన్న తిట్టే స్వరం.

ఊరికొచ్చిన నాలుగో రోజు బాబాయి దగ్గరికెళ్ళాను. ఆయనకు వినబడదు కాబట్టి లిజ్జా గురించి చెప్పడానికి సబ్బుముక్క, అగ్గిపుల్లలు పట్టుకెళ్ళాను. అరుగు మీద పేర్చి చూపించాను. ఎదురుగా నిలబడే మేస్త్రీ కోసం ఒక అగ్గిపుల్లను నిలబెడితే ఆయన దాన్ని తీసి పక్కన పెట్టి, తానే లేచి అక్కడ నిలబడ్డాడు. తర్వాత చేతులు కదిలించడం మొదలుపెట్టాడు. కంప్రెషర్ మోతలో మాట వినబడదు కదా, గోతిలో అందరిదీ ఒకటే భాష. తెలుగువాడిదీ, ఒరియావాడిదీ, బీహారువాడిదీ. అరచెయ్యి పైకి తిప్పి ఊపితే ఎత్తు. పిడికిలి బిగిస్తే ఆపు. రెండు వేళ్ళు కిందికి చూపితే మెల్లగా దించు. ఇరవై రెండేళ్ళలో ఆయన నేర్పితే ఎందరు ఒరియా పిల్లలు నేర్చుకున్నారో. మూడేళ్ళ నా నవల్లో ఒక్క సైగ లేదు. అందరూ మాట్లాడతారు.

నోటుబుక్కు తెరిచి, ఆయన ముందు నేనూ చేసి చూపించాను. ఎత్తు, ఆపు, దించు.

బాబాయి నా మణికట్టు పట్టుకుని వంచాడు. "అట్టా కాదే అమ్మాయ్" అన్నాడు, వినబడనివాళ్ళు మాట్లాడేంత గట్టిగా. "అట్టా చూపిస్తే వదిలేస్తాడు."